మేనమామ పోలిక

ఎకో గదిలో లైట్లు తీసేశారు. అమ్మ ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకుంది. ఛాతీ మీద జెల్లు పడగానే "అమ్మో, ఐసుముక్కలా ఉంది" అని భుజాలు ముడుచుకుంది. తెర మీద బూడిదరంగు పొగ. ఆ పొగలో రెండు తెల్లని రేకులు కలుసుకుంటున్నాయి, విడిపోతున్నాయి, మళ్లీ కలుసుకుంటున్నాయి. "అదేనండీ మైట్రల్ వాల్వు" అని చూపించాడు ఎకో తీస్తున్న కుర్రాడు. ఏదో మీట నొక్కేసరికి, చాకిరేవులో బండకేసి బట్టలు బాదుతున్నట్టు గదంతా ఒకటే చప్పుడు. లోపల రక్తం పారే శబ్దమట. "కొద్దిగా లీకుంది. ట్రివియల్. ఈ వయసులో చాలామందికి ఉండేదే, కంగారు పడకండి" అన్నాడు.

డాక్టరు గారు రిపోర్టు తిరగేశారు. ఈసీజీ కాగితాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూశారు. తర్వాత మేం అనుకోని ప్రశ్న వేశారు.

"మీ పుట్టింటి వైపు చిన్న వయసులో ఉన్నట్టుండి ఎవరైనా పోయారా అమ్మా?"

"లేదండీ, మావాళ్లంతా గట్టి పిండాలే" అంది అమ్మ. ఒక్క క్షణం ఆగి, "మా చిన్న మేనమామ మాత్రం పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. నిద్రలోనే. పుణ్యాత్ముడు" అని కలిపింది.

"అప్పటికి ఎన్నేళ్లు?"

"ముప్పై కూడా నిండలేదు."

పెన్నుకు మూత పెట్టబోతున్న ఆయన చెయ్యి ఆగిపోయింది.

ముప్పై నిండని మనిషి రాత్రి అన్నం తిని పడుకుని తెల్లారేసరికి లేడు. దాదాపు అరవై ఏళ్లుగా మా ఇంట్లో అది పుణ్యం ఖాతాలోనే ఉంది. ఇలాంటి చావులకు పెట్టడానికి మనకు పేర్లకు కొదవ లేదు. నిద్రలో పోతే అనాయాస మరణం. ఈత బాగా వచ్చినవాడు చెరువులో మునిగిపోతే జలగండం. ఆడుకుంటూ ఆడుకుంటూ కూలబడిపోయిన పిల్లకు గాలి సోకింది. పేరు పెట్టేశాక లెక్క చెల్లిపోయినట్టే, ఇక ఎవరూ ఏమీ అడగరు. గుండె జబ్బుల పరిశోధనలో ఒక పెద్ద పాయ మాత్రం గత డెబ్బై ఏళ్లుగా ఈ మూసేసిన లెక్కలను తెరిపించడంతోనే నడుస్తోంది. సూదిమొన కన్నా సన్నటి గాజు గొట్టాలు, జన్యువులను చదివే యంత్రాలు, అన్నీ ఉన్నాయి. అవి తర్వాత. ముందు ఎవరో ఒకరు ఇంటికొచ్చి కూర్చుని "మీ మేనమామ ఎలా పోయారు?" అని అడగాలి.

తిట్టగానే పడిపోయిన పిల్ల

జర్మనీలో మైస్నర్ అనే వైద్యుడు 1856లో రాసిపెట్టిన సంగతి ఇది. చెవిటి పిల్లల బడిలో ఒక అమ్మాయి ఏదో చిన్న తప్పు చేసింది. బడి పెద్దాయన అందరి ముందూ నిలబెట్టి చీవాట్లు వేశాడు. పిల్ల అక్కడికక్కడే కుప్పకూలి ప్రాణం వదిలింది. ఇంటికి కబురు పంపితే తల్లిదండ్రులు ఏడ్చారేమోగానీ ఆశ్చర్యపోలేదు. ఆమెలాగే చెవిటివాళ్లయిన మరో ఇద్దరు బిడ్డలను వాళ్లు అప్పటికే పోగొట్టుకున్నారు. ఒకరు బాగా దడుచుకున్నప్పుడు, ఒకరు పట్టరాని కోపంలో ఉన్నప్పుడు, ఇలాగే. అంటే జబ్బును కనిపెట్టింది ఆ తల్లిదండ్రులే. పేరు పెట్టడమే తరువాయి. అప్పటికి ఈసీజీ యంత్రం పుట్టలేదు కాబట్టి మైస్నర్ కూడా అంతకుమించి చేయగలిగింది లేదు.

ఆ పేరు పెట్టడానికి నూటొక్క సంవత్సరం పట్టింది. 1957లో నార్వేలో ఆంటన్ యెర్వెల్, ఫ్రెడ్ లాంగే-నీల్సన్ అనే ఇద్దరు వైద్యులు ఒక ఇంటి కథ ప్రచురించారు. ఆ దంపతులకు ఆరుగురు పిల్లలు. నలుగురికి పుట్టుచెవుడు. ఆ నలుగురూ తరచు స్పృహ తప్పేవారు. ముగ్గురు హఠాత్తుగా చనిపోయారు, నాలుగేళ్లకొకరు, అయిదేళ్లకొకరు, తొమ్మిదేళ్లకొకరు. ఈసారి ఈసీజీ ఉంది. దానిలో తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది.

ఈసీజీ కాగితం మీద గులాబీరంగు చిన్న గళ్లుంటాయి చూడండి, ఒక్కో గడి సెకనులో 25వ వంతు. గుండె గట్టిగా పిండడానికి పుట్టిన కరెంటు మొదలైన చోటి నుంచి, ఆ కరెంటు పూర్తిగా సద్దుమణిగి కండరం మళ్లీ సిద్ధమయ్యే దాకా ఉన్న దూరాన్ని క్యూటీ అంటారు. సాధారణంగా అది పది, పదకొండు గళ్లలో ముగుస్తుంది. ఈ పిల్లల్లో ఇంకా సాగింది. సాగితే ఏమిటట? మొదటి దెబ్బ సెగ ఆరకముందే ఇంకో నిప్పురవ్వ పడే సందు దొరుకుతుంది. పడిందా, గుండె లయ తప్పి గిలగిల్లాడిపోతుంది. ఈసీజీ గీత తాడు పేనినట్టు మెలికలు తిరుగుతుంది. ఫ్రెంచి వైద్యుడు దెసెర్టెన్ 1966లో దీన్ని వర్ణించి, 'మొనలు మెలితిరగడం' అనే అర్థంలో టోర్సాడ్ ద పాయింట్ అని పేరు పెట్టాడు. ఒక్కోసారి దానంతటదే సర్దుకుంటుంది. మనిషి కళ్లు తెరిచి "ఏమైంది నాకు?" అంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు అప్పటికే చేతిలో తాళాలగుత్తి పెట్టేసి ఉంటారు, ఫిట్స్ అనుకుని. సర్దుకోకపోతే అంతే.

చెవులు బాగా వినిపించే కుటుంబాల్లోనూ ఇదే జబ్బు ఉందని ఇటలీలో రొమానో 1963లో, ఐర్లండ్‌లో వార్డ్ 1964లో విడివిడిగా చూపించారు. ఆపైన చాలాకాలం బండి కదల్లేదు. 1990ల్లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో మార్క్ కీటింగ్ బృందం పెద్ద పెద్ద కుటుంబాల రక్తనమూనాలతో తవ్వడం మొదలుపెట్టింది. 1991లో పదకొండో క్రోమోజోము మీద ఒక చిరునామా దొరికింది. 1995లో రెండు జన్యువులు, 1996లో మూడోది. మూడూ ఒకే జాతివి. గుండె కణాల గోడల్లో ఉప్పు అయాన్లను రానిచ్చి పోనిచ్చే తలుపులు, అవే అయాన్ ఛానెళ్లు, వాటిని తయారుచేసే జన్యువులవి.

మరి చెవుడు సంగతి? 1997లో ముడి వీడింది. గుండెలోంచి పొటాషియాన్ని బయటకు పంపే ఒక తలుపే లోపలి చెవిలోనూ ఉంది. చెవిలోని నీటికి పొటాషియాన్ని అందించేది అదే. అది పూర్తిగా పాడైతే అక్కడ మాట వినపడదు, ఇక్కడ గుండె సద్దుమణగదు. అయితే పూర్తిగా పాడవాలంటే తల్లి ఇచ్చిన జన్యువూ, తండ్రి ఇచ్చిన జన్యువూ రెండూ చెడ్డవై ఉండాలి.

ఇక్కడే మన పెళ్లిళ్లు గుర్తుకు రావాలి. మేనరికాల్లో ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు దేశంలో ముందు వరుసలో ఉంటాయి. మేనమామ, మేనకోడలు దంపతులైతే పుట్టే బిడ్డలో ఎనిమిదో వంతు జన్యువులు రెండు వైపుల నుంచీ ఒకే మూలానివి కావచ్చు. బావామరదళ్లయితే పదహారో వంతు. ఆస్తి బయటికి పోకుండా చేసుకున్న పెళ్లిలో లోపాలూ బయటికి పోవు. పుట్టుచెవుడున్న పిల్లల్లో అత్యధికులకు గుండె శుభ్రంగానే ఉంటుంది, ఆ భయం వద్దు. కానీ చెవుడున్న పిల్ల పరుగెత్తుతూనో, దడుచుకునో పడిపోయిందంటే నేరుగా ఫిట్స్ మందు మొదలుపెట్టకుండా ఒక్క ఈసీజీ తీసి చూడాలి. ఆరోగ్యశ్రీ పుణ్యమా అని చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించుకున్న పిల్లలు ఇవాళ మన ఊళ్లలో కనిపిస్తున్నారు. మత్తు ఇచ్చే ముందు ఆ పిల్లల ఈసీజీలో క్యూటీని గళ్లు లెక్కపెట్టి చూడటం వెనుక ఉన్నది ఆ నార్వే ఇంటి కథే.

చొక్కా విప్పితేనే లోపలికి

తలుపులన్నాను గానీ అవి మామూలు తలుపులు కావు. ఒక్కో ఛానెల్ గుండా సెకనుకు కోటి దాకా అయాన్లు వెళ్లగలవు. వింత ఏమిటంటే పొటాషియం తలుపులోంచి పొటాషియమే వెళ్తుంది. దానికన్నా చిన్నదైన సోడియం వెళ్లలేదు. పెద్దవాణ్ని పోనిచ్చి పిల్లవాణ్ని ఆపే గుమ్మం ఎక్కడైనా ఉంటుందా? రోడరిక్ మెకిన్నన్ 1998లో ఒక బ్యాక్టీరియా ఛానెల్ ఆకారాన్ని అణువణువూ చూపించి ఈ చిక్కు విప్పాడు. 2003లో నోబెల్ వచ్చింది. నీటిలో తిరిగే ప్రతి అయాను చుట్టూ నీటి అణువుల తొడుగొకటి ఉంటుంది. కేరళలో కొన్ని గుళ్లలో మగవాళ్లు చొక్కా విప్పితేగానీ లోపలికి రానివ్వరు కదా, ఇక్కడా ఆ తొడుగు విప్పాలి. తొడుగు విప్పిన పొటాషియానికి ఛానెల్ గోడలే సరిగ్గా నీళ్లలాగా నాలుగు వైపులా ఆసరా ఇస్తాయి. సోడియం చిన్నది కావడంతో ఆ ఆసరా దానికి అందదు. అందుకే అది తొడుగు విప్పడానికి ఇష్టపడదు, గుమ్మంలోనే ఆగిపోతుంది.

ఇలాంటి ఒక్క తలుపు తెరుచుకుని మూసుకోవడాన్ని విడిగా వినే సాధనాన్ని ఎర్విన్ నేహెర్, బెర్ట్ సాక్‌మన్ 1976లో చేశారు. సన్నటి గాజు గొట్టం మొనను కణం గోడకు ఆనించి మెల్లగా పీలిస్తే, ఆ మొన కింద చిక్కిన తలుపు కరెంటు మాత్రమే నమోదవుతుంది. జన్యువులో ఒక్క అక్షరం మారితే తలుపు ఎలా నత్తినత్తిగా మూసుకుంటుందో ఇప్పుడు పరిశోధకులు కళ్లారా చూడగలరు.

యూటా బృందానికి 1995లో దొరికిన జన్యువుల్లో ఒకదాని పేరు హెర్గ్. పేరులో చిన్న అల్లరి ఉంది. 1960ల్లో అమెరికాలో ఈగల మీద పనిచేస్తున్నవాళ్లు వాటికి ఈథర్ మత్తు ఇచ్చినప్పుడు కొన్ని ఈగలు కాళ్లు టపటపా ఆడించడం చూశారు. అప్పట్లో గో-గో డాన్సుల మోజు. ఆ కాళ్లాటకు కారణమైన జన్యువుకు 'ఈథర్-అ-గో-గో' అని పేరు పెట్టేశారు. మనిషిలోని దాని చుట్టం హెర్గ్. ఈగ కాళ్లాటకు పెట్టిన ఈ పేరు వింటే ఇవాళ మందుల కంపెనీలకు చెమటలు పడతాయి. ఎందుకంటే ఈ తలుపు లోపలి గది విశాలం, మందు అణువులు వెళ్లి అడ్డంగా ఇరుక్కుపోతాయి. జన్యువులో ఏ లోపమూ లేనివాడికి కూడా మాత్రతో క్యూటీ సాగిపోతుంది. టెర్ఫెనడిన్ అనే అలర్జీ మందు, కొన్ని ఫంగస్ మందులతో కలిపి వేసుకున్నవాళ్లలో గుండె లయ తప్పించి 1998కల్లా అమెరికా మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. 2000లో అజీర్తికి వాడే సిసాప్రైడ్ కూడా అదే దారి పట్టింది. ఇవాళ హైదరాబాద్ చుట్టుపక్కల ల్యాబుల్లో కొత్త మందు అణువు పుట్టినా, స్విట్జర్లాండులో పుట్టినా, మనిషికి ఇచ్చేముందు హెర్గ్ గుమ్మం దగ్గర దాన్ని నిలబెట్టి పరీక్షించాల్సిందే. కరోనా రోజుల్లో హైడ్రాక్సీక్లోరోక్విన్, అజిత్రోమైసిన్ కలిపి వాడేవాళ్లకు ఈసీజీలు తీయించింది కూడా ఈ భయంతోనే. మందుల షాపులో కబుర్లు చెబుతూ నాలుగు రకాల మాత్రలు కట్టించుకునే మన అలవాటుకు ఇదొక్కటి చాలు, రెండోసారి ఆలోచించడానికి.

ఏ తలుపు పాడైతే ఏ వేళ ప్రమాదమో కూడా తేలింది. ఒక రకం వాళ్లకు శ్రమలో, ముఖ్యంగా ఈతలో. రెండో రకం, అంటే హెర్గ్ లోపం ఉన్నవాళ్లకు, ఉలికిపాటులో. వాళ్ల పడకగదిలో అలారం గడియారం, ఫోను ఉండకూడదని డాక్టర్లు చెబుతారు. మూడో రకానికి నిద్రలో. ఇది చదివినప్పుడు మా ఊరి చెరువు గుర్తొచ్చింది నాకు. మునిగిపోయినవాళ్లందరిదీ గుండె జబ్బని అనను, అందులో ఎక్కువమందికి ఈత రాకే. కానీ ఈదడంలో దిట్ట అయిన కుర్రాడు చడీచప్పుడూ లేకుండా నీళ్లలోకి జారిపోయాడంటే, జాతకంతోపాటు వాడి తమ్ముడి ఈసీజీ కూడా చూడాలి. ప్రొప్రనొలాల్ లాంటి పాతకాలపు చవక మాత్రలు ఈ జబ్బులో ప్రాణాలు నిలబెడతాయి. అంత చవక మందు ఉండీ, జబ్బుందని తెలియక పోవడమే దుర్మార్గం.

నిద్రలో చంపే ఇంకో జబ్బు ఉంది. స్పెయిన్ దేశపు అన్నదమ్ములు పెద్రో, జోసెప్ బ్రుగాడా 1992లో ఎనిమిదిమంది రోగులతో దాన్ని లోకానికి చెప్పారు. 1998లో తేలిందేమిటంటే, కొన్ని కుటుంబాల్లో దీనికి మూలం సోడియం తలుపు లోపం. ఎక్కువగా మగవాళ్లకే, ఎక్కువగా రాత్రిపూటే. జ్వరం వస్తే ఇంకా ప్రమాదం. బ్రుగాడా సోదరులకన్నా ముందే ఆసియా జనాలకు ఇది తెలుసు. థాయిలాండులో లై తై, ఫిలిప్పీన్స్‌లో బంగుంగుట్, జపాన్‌లో పొక్కురి. థాయి పల్లెల్లో వితంతు దెయ్యం మగవాళ్లను ఎత్తుకుపోతోందని నమ్మి, దాని కళ్లు గప్పడానికి మగవాళ్లు గోళ్లరంగు వేసుకుని పడుకునేవారట. మనం నవ్వనక్కర్లేదు. 'ఓ స్త్రీ రేపు రా' అని మన గోడల మీద బొగ్గుతో రాసిన రోజులు ఎంతో దూరంలో లేవు.

నాంత్ ఊరి మేనమామలు

ఇప్పటిదాకా కరెంటు కథ. అమ్మ ఎకోలో కనిపించినది మాత్రం కరెంటు కాదు, వాల్వు. ఈ రెండింటినీ ఒకే చూరు కింద వెతుకుతున్న చోటు ఒకటుంది. ఫ్రాన్స్ పడమటి వైపున, లువార్ నది ఒడ్డున నాంత్ నగరం. జూల్స్ వెర్న్ పుట్టిన ఊరు. అక్కడి థొరాక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో హెర్వే లె మరెక్, జ్యాఁ-జాక్ షాట్ వంటివాళ్లు చేసింది పైకి చాలా సాదాసీదా పని. ఆస్పత్రికి వచ్చిన రోగి దగ్గర ఆగకుండా ఆయన అన్నదమ్ముల ఇళ్లకు, అక్కడి నుంచి వేలువిడిచిన చుట్టాల ఇళ్లకు వెళ్లారు. తరాలుగా అవే పల్లెలు వదలని జనం. వంశవృక్షాలు కొమ్మలు కొమ్మలుగా దొరికాయి.

అలా దొరికిన ఒక ఫ్రెంచి కుటుంబంలో క్యూటీ సాగడం ఉంది, గుండె మందకొడిగా కొట్టుకోవడం ఉంది. 1995లో ఆ జబ్బు చిరునామా నాలుగో క్రోమోజోము మీద ఉందని గుర్తించారు. తీరా అక్కడ తలుపు తాలూకు జన్యువేదీ లేదు! ఎనిమిదేళ్లు పట్టింది. 2003లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లతో కలిసి అసలు దోషిని పట్టారు, ఆంకిరిన్-బి అనే ప్రోటీను. తలుపులు నిక్షేపంగా ఉన్నాయి. వాటిని ఉండాల్సిన చోట పట్టి నిలిపే ద్వారబంధం వదులైంది. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చిన మలుపు ఇదే. అందరూ తలుపునే అనుమానిస్తుంటే, ఒక కుటుంబం మాత్రం ద్వారబంధం వైపు వేలు చూపించింది.

వాల్వు కథ కూడా ద్వారబంధం దగ్గరే తేలింది. మైట్రల్ వాల్వు అంటే రెండు రేకులు, వాటిని కింద నుంచి లాగి పట్టుకునే సన్నటి దారాలు. గాలిపటానికి కన్నాలు పొడిచి కట్టే సూత్రంలాగా అనుకోండి. రోజుకు లక్షసార్లు ఆ రేకులు మూసుకోవాలి. కొందరిలో ఉల్లిపొరలా ఉండాల్సిన రేకు మందమై, జిగురు పట్టి, దారాలు సాగి, మూసుకునేటప్పుడు వెనక్కి ఉబ్బుతుంది. అదే ప్రొలాప్స్. నాంత్ వాళ్లకు తగిలిన ఒక కుటుంబంలో ఈ వాల్వు జబ్బు ఒక పద్ధతిగా కనిపించింది. మగవాళ్లకు తీవ్రంగా, ఆడవాళ్లకు పైపైన. తండ్రి నుంచి కొడుక్కి రాలేదు. తల్లి ద్వారా కొడుక్కి వచ్చింది. ఫ్రెంచివాళ్లు దాన్ని ఎక్స్ క్రోమోజోము వారసత్వం అంటారు. మన వాకిట్లో ముసలమ్మ అయితే బిడ్డ మొహం చూసి ఒక్క ముక్కలో తేల్చేస్తుంది: మేనమామ పోలిక.

ఎక్స్ క్రోమోజోమును కొడుకు తల్లి దగ్గరే తెచ్చుకుంటాడు. మేనమామకు అది వాళ్లమ్మ, అంటే ఈ కొడుకు అమ్మమ్మ, దగ్గర నుంచి వచ్చింది. అందుకని ఇలాంటి జబ్బుల్లో మేనమామ గుండెను చూస్తే మేనల్లుడి గుండె గురించి కొంత తెలుస్తుంది. 1998లో ఆ జబ్బు ఎక్స్ క్రోమోజోము చివర్న ఉందని తేల్చారు. తర్వాత కుటుంబాన్ని ఇంకా విస్తరించుకుంటూ పోయారు. మొత్తం 318 మంది. 2007లో ఫ్లోరెన్స్ కిండ్త్, షాట్ బృందం జన్యువు పేరు చెప్పింది, ఫిలమిన్-ఎ. జబ్బున్నవాళ్లందరిలోనూ ఆ ప్రోటీనులో 637వ మెట్టు దగ్గర ఒకే ఒక్క మార్పు. వేరే మూడు చిన్న కుటుంబాల్లో అదే జన్యువులో వేరే మార్పులు. సిండ్రోములేవీ లేకుండా వాల్వును మాత్రమే పాడుచేసే జన్యువు ఒకటి ప్రొలాప్స్ రోగుల్లో దొరకడం అదే తొలిసారి.

ఫిలమిన్ పనేమిటంటే కణం లోపలి యాక్టిన్ పోగులను అడ్డంగా కలిపి ముడివేయడం. తాటాకు పందిరికి వాసాలెన్ని ఉన్నా, అవి కలిసే చోట పురికొస ముడి జారితే పందిరి వంగిపోతుంది. పిండంలో వాల్వు రూపుదిద్దుకుంటున్నప్పుడే ఈ ముడి వదులు. ఫలితం మాత్రం నడివయసులో ఆయాసంగా బయటపడొచ్చు. ఇదే జన్యువు పూర్తిగా పోతే మెదడు నిర్మాణమే దెబ్బతింటుంది. ఈ వాల్వు కుటుంబాల మెదళ్లకు మాత్రం ఏమీ కాలేదు. ఒకే తాడు, ఏ ముడి జారిందన్నదాన్ని బట్టి ఇల్లు వేరు, ఒరుగు వేరు.

ప్రొలాప్స్ కుటుంబాలన్నీ ఈ దారి పట్టవు. ఆడామగా తేడా లేకుండా తరానికి సగంమందికి వచ్చే కుటుంబాలే ఎక్కువ. అలాంటి ఒక కుటుంబం ద్వారా బోస్టన్, నాంత్ బృందాలు కలిసి 2015లో మరో జన్యువును పట్టాయి, డీసీహెచ్ఎస్1. అదీ పదకొండో క్రోమోజోము కొసనే, క్యూటీ కథలో మొదటి చిరునామా దొరికిన పేటలోనే. ఇరుగుపొరుగు అన్నమాటేగానీ చుట్టరికం లేదు. పరిశోధకులు కుక్కల్నీ వదల్లేదు. కావలియర్ కింగ్ చార్లెస్ అనే ముద్దుకుక్కల జాతిలో వయసు మీదపడేసరికి దాదాపు అన్నిటికీ ఈ వాల్వు జబ్బు వస్తుంది. ముద్దొచ్చే చెవుల కోసం ఆ కుక్కలకు తరాల తరబడి మేనరికాలే చేశారు మరి.

అయాన్ ఛానెళ్లకూ వాల్వులకూ నేరుగా లంకె కూడా కనిపిస్తోంది. తాకిడికి తెరుచుకునే పియజో అనే ఛానెల్‌ను ఆర్డెమ్ పటపూటియన్ 2010లో కనిపెట్టి 2021లో నోబెల్ పంచుకున్నాడు. జీబ్రా చేపపిల్లల్లో దీన్ని తీసేస్తే గుండె వాల్వులు వంకరగా తయారవుతున్నాయి. పారే రక్తం ఒరిపిడిని తెలుసుకుంటూనే వాల్వు తన ఆకారం తాను దిద్దుకుంటుందన్నమాట, కాలువ గట్టులా.

జీను ఆకారం

వాల్వు జబ్బనగానే మన దగ్గర మొదట తలపుకొచ్చేది ఇది కాదు, కీళ్లవాతం జ్వరం. చిన్నప్పుడు గొంతునొప్పి తెచ్చిన సూక్ష్మజీవి మీద శరీరం చేసిన యుద్ధంలో వాల్వు కాలిపోవడం. మూడు వారాలకోసారి పిరుదుకు పెనిసిలిన్ సూది వేయించుకుంటూ పెరిగిన పిల్లలు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. నాకు తెలిసిన ఒకావిడకు లోహపు వాల్వు ఉంది. రాత్రి అందరూ పడుకున్నాక ఆమె పక్కన కూర్చుంటే చేతిగడియారంలా టిక్కుటిక్కుమని వినిపిస్తుంది. రక్తం పలచబడే మాత్ర, నెలనెలా ఐఎన్ఆర్ పరీక్ష, గోంగూర ఒకరోజు తెగ తిని మరో వారం మానేయకుండా ఉండటం, ఇదీ ఆమె జీవితం. ఇది పేదరికం తెచ్చిన జబ్బు, ఇరుకు ఇళ్లు తెచ్చిన జబ్బు. వారసత్వపు వాల్వు జబ్బు దీని నీడలో పడి చాలాకాలం కనిపించలేదు.

కనిపించడం మొదలయ్యాక మరీ ఎక్కువ కనిపించింది, అదో తమాషా. దక్షిణాఫ్రికాలో జాన్ బార్లో 1963లో, గుండెలో వినిపించే 'టక్' మన్న శబ్దం మైట్రల్ వాల్వు నుంచే వస్తోందని రుజువు చేశాడు. ఎకో వచ్చాక ఎవరికి తీసినా ప్రొలాప్స్! నూటికి పదిమందికి పైగా ఉందన్న లెక్కలూ వచ్చాయి. గుండెదడ అన్న ప్రతి అమ్మాయికీ ఈ ముద్ర పడింది. 1980ల చివర్లో బోస్టన్‌లో రాబర్ట్ లెవీన్ అసలు సంగతి చెప్పాడు. వాల్వు అంచు బల్లపరుపుగా ఉండదు, గుర్రపు జీనులా వంగి ఉంటుంది. తప్పు కోణంలో చూస్తే మంచి వాల్వూ ఉబ్బినట్టే కనిపిస్తుంది. సరైన కోణంలో లెక్కపెడితే 1999లో ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలో తేలింది నూటికి 2.4 మాత్రమే. ఇంట్లో ఎవరి పాత ఫైల్లోనైనా ఎంవీపీ (మైట్రల్ వాల్వు ప్రొలాప్స్) అని రాసి ఉంటే ఇంకోసారి చూపించుకోవడం మంచిది. పోవచ్చు కూడా.

నిజంగా ఉన్నవాళ్లలోనూ చాలామంది నిండు నూరేళ్లూ బతుకుతారు. కొద్దిమందికే చిక్కు. ఇటలీలోని పాడువాలో నలభై లోపు హఠాత్తుగా చనిపోయిన 650 మంది గుండెలను పరీక్షిస్తే 43 మందిలో ఈ ప్రొలాప్సే కనిపించింది. ఉబ్బే రేకు దారాలను లాగుతుంటే ఆ దారాలు పాతుకున్న కండరం మచ్చ కడుతుంది. మచ్చ దగ్గర కరెంటు దారి తప్పుతుంది. కరెంటు కథ, కవాటం కథ కలిసేది ఆ మచ్చ దగ్గర.

మరి మన వంశవృక్షాల మాటేమిటి? హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2009లో ఒక లెక్క చెప్పారు. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయినవాళ్లు మనదేశంలో నూటికి నలుగురు. నడివయసు దాటాక గుండె బలహీనపడే ముప్పును అది పెంచుతుంది. కులంలోనే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన మన సమూహాల్లో చాలావి ఒక్కో నాంత్ పల్లె లాంటివేనని అదే సంస్థ భాగస్వామిగా వచ్చిన 2017 అధ్యయనం చూపించింది. అయినా ఇక్కడ జన్యుపరీక్ష చేయించుకుంటే తరచు వచ్చే జవాబు 'మార్పు ఉంది, అర్థం తెలియదు'. పోల్చి చూసుకునే పట్టికలు ఎక్కువగా యూరపు మూలాల వారివి. మన 318 మందిని ఎవరూ కూర్చోబెట్టి అడగలేదు.

ఆ సాయంత్రం ఎకో రిపోర్టు కవరు వెనుక నేనే గీయడం మొదలుపెట్టాను. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా. పోయినవాళ్లకు అడ్డగీత. అమ్మ వరసలు చెబుతుంటే కవరు చాలక శుభలేఖ ఒకటి చించాను. చిన్న మేనమామ చతురస్రం దగ్గర ఆగాం. ఆయన భార్య ఇంకా ఉంది. మేం తెనాలి అమ్మమ్మ అంటాం. ఎనభై దాటాయి. ఫోన్ చేశాను.

"నిద్రలో పోయారంట కదా అమ్మమ్మా, తాతయ్య."

అవతల కాసేపు టీవీ శబ్దం. ఎవరినో తగ్గించమంది.

"అందరూ అలాగే చెప్పుకున్నారు. నిద్రలో పోయింది ఆయన. నేను మేలుకునే ఉన్నాను. గొంతులో గురగురమని చప్పుడు. పీడకలనుకుని భుజం పట్టి ఊపాను. మళ్లీ ఊపాను. లేవలేదు. అంతకుముందు నెలలో ఒకసారి అలాగే చేసి లేచి మంచినీళ్లడిగారు." కొంచెం ఆగింది. "ఇది నేనెవరికీ చెప్పలేదురా. ఎవరడిగారని?"

శుభలేఖ వెనుక రాసుకున్నాను. రాత్రి. గురక. నెల ముందు ఒకసారి. ఆమె కొడుకు, ఇద్దరు మనవలు ఆ చతురస్రం కింద వేలాడుతున్నారు. వాళ్లు ఈసీజీ తీయించుకుంటే మంచిదని, నొప్పేమీ ఉండదని, పది నిమిషాల పనేనని చెప్పాను.

"సరే, రేపే పంపిస్తాను" అంది. "పరగడుపున వెళ్లాలా?"